మన కంప్యూటరును మనమే కూర్చుకొనుట

విద్యార్థులారా! 2021వ సంవత్సరమున నా మేనకోడలు పదవ తరగతి ముగించి, పాలిటెక్నిక్కులో సివిలు ఇంజనీరింగు డిప్లొమా చదువుటకు చేరినది. ఇండ్ల పటములను గీయుట నేర్చుకొనుటకు ఆమెకొక కంప్యూటరు కావలసివచ్చినది. నా చెల్లెలు బట్టలు కుట్టి సంసారమును నడుపుకొనుచున్నది. రెండేండ్లు చీటీ కట్టి కూడబెట్టిన సొమ్మును ఆమె నా చేతిలో బెట్టి, "అన్నా! నీవు సైన్సు మేష్టరువు. భాగములు కొని కూర్చుకొన్నచో చౌకయనియు, చెడినప్పుడు బాగుచేసికొనుట సులభమనియు నీవే చెప్పితివి గదా! ఈ సొమ్ములోనే కావలెను. ఇంతకు మించి నాయొద్ద లేదు" అనెను.

నేను జిల్లా కేంద్రమునకు పోయి ఒక్క పూటలో భాగములన్నియు కొని తెచ్చితిని. ఆ రాత్రి మువ్వురమును చాపమీద గూర్చుండి వానిని కూర్చితిమి. మీట నొక్కగనే పంకాలు తిరిగెను, చిన్నదీపములు వెలిగెను, తెర మాత్రము నల్లగనే యుండెను. తీగలను ఊడదీసి మరల తగిలించితిమి. ర్యామును తీసి మరల పెట్టితిమి. నడిరేయి దాటిన రెండు గంటలకు గాని నా తప్పు నాకు తెలియలేదు. కొంత తక్కువ ధరకు వచ్చుచున్నదని నేను సంతోషముతో కొన్న ప్రాసెసరు సంఖ్యకు చివర "ఎఫ్" అను నక్షర మొకటి గలదు. అట్టి ప్రాసెసరు తెరపై బొమ్మను చూపజాలదు. దానికి వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొనవలెను. ఆ యేట చిప్పుల కొఱతవలన ప్రపంచమంతటను గ్రాఫిక్స్ కార్డుల వెలలు మండిపోవుచుండెను.

నా చెల్లెలు ఒక్క మాటయు ననలేదు. ఖాళీ యట్టపెట్టెలను ఒకదానిలో నొకటి సర్దుచు గూర్చుండెను. ఆ మౌనము నన్ను చాల దినములు బాధించినది. మరునాడు దుకాణదారుడు విప్పిన పెట్టెను పూర్తి వెలకు తీసికొననని చెప్పగా, నష్టమును నేను భరించి, చివర ఆ యక్షరము లేని ప్రాసెసరును మార్చి తెచ్చితిని.

మీలో అనేకులు త్వరలో ఇట్టి కొనుగోలునకు పూనుకొందురు. మీ తలిదండ్రులు చెమటోడ్చి కూడబెట్టిన ధనమును అందులకు వెచ్చింతురు. కావున నేను నష్టపడి నేర్చుకొన్నదానిని మీకు చెప్పుచున్నాను. దాని సారమిది: ఒక్కొక్క భాగము ఎంత గొప్పదియైనను, తక్కిన భాగములతోను, మన పనితోను కుదురనిచో అది వ్యర్థము.

ఎవరెవరో చేసిన భాగములు ఎట్లు కలియును?

ఒక యూరి వడ్రంగి చేసిన చక్రము మఱొక యూరి కమ్మరి చేసిన ఇరుసునకు పట్టవలెనన్నచో, ఇరువురికిని కొలత యొక్కటియై యుండవలెను. కంప్యూటరు విషయమును అట్టిదే. 1981వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన అమెరికాలోని ఐ.బి.ఎమ్. సంస్థవారు తమ పర్సనల్ కంప్యూటరును ప్రకటించిరి. పని త్వరగా ముగియుటకై వారు బయట దొరకు భాగములనే పెక్కింటిని అందులో వాడిరి. ప్రాసెసరు ఇంటెల్ వారిది. అంతియేగాక, యంత్రము లోపలి వలయముల పటములను గూడ గ్రంథముగా ముద్రించి యమ్మిరి. దానివలన ఇతరులు దానికి కుదురు కార్డులను, మఱికొంత కాలమునకు దానిని పోలిన యంత్రములనే చేయగలిగిరి.

1995లో ఇంటెల్ వారు ఏ.టి.ఎక్స్. అను కొలతల నియమమును వెలువరించిరి. మదర్ బోర్డు పొడవు వెడల్పులు, మరలు బిగించు రంధ్రముల తావులు, విద్యుత్తు నందించు తీగల చివరల యాకారము మొదలగునవి దానిలో నిర్ణయింపబడినవి. కావుననే నేడు తైవాను సంస్థవారి మదర్ బోర్డుపై అమెరికా సంస్థవారి ప్రాసెసరును, కొరియా సంస్థవారి ర్యామును అమర్చి, మన యూరిలో నొక బాలుడు స్క్రూడ్రైవరు మాత్రము చేతబట్టి కంప్యూటరును కూర్చగలుగుచున్నాడు. అయితే ఈ కొలతలు ఒకే విధమైనవి కావు. వానిలో తరములును, తరగతులును గలవు. ఎంపికలోని చిక్కంతయు అచ్చటనే యున్నది.

ముందు పని, పిమ్మట వస్తువు

దుకాణమునకు పోవుటకు ముందు, ఈ యంత్రముతో నేనేమి చేయుదును? అని ప్రశ్నించుకొని, సమాధానమును కాగితముపై వ్రాసికొనుడు. ఉత్తరములు, లెక్కలు, పాఠముల వీడియోలు చూచుట మాత్రమే పనియైనచో, నాలుగు కోర్లుగల సామాన్యమైన ప్రాసెసరును, 8 గిగాబైట్ల ర్యామును, ఒక ఎస్.ఎస్.డి.యును చాలును. ప్రోగ్రాములు వ్రాయుటకును, రెండు కొలతల పటములను గీయుటకును ఆరు కోర్లు, 16 గిగాబైట్లు ఉండుట మంచిది. వీడియోలను కూర్చువారికిని, మూడు కొలతల బొమ్మలు గీయువారికిని, పెద్ద యాటలాడువారికిని మాత్రమే వేరుగా గ్రాఫిక్స్ కార్డు అవసరమగును. ఉత్తరములు వ్రాయువాడు గ్రాఫిక్స్ కార్డు కొనుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమును వేయుటయే.

ప్రాసెసరు

ఇది లెక్కలన్నియు చేయునట్టిది. దీనిని చేయువారిలో ఇంటెల్, ఏ.ఎమ్.డి. అను రెండు సంస్థలు ముఖ్యమైనవి. ప్రాసెసరు పేరులోని ప్రతి సంఖ్యను, ప్రతి యక్షరమును చదువవలెను. ఇంటెల్ వారి కోర్ తరగతిలో చివర "ఎఫ్" ఉన్నచో బొమ్మను చూపు శక్తి దానికి లేదని పైని చెప్పితిని. ఏ.ఎమ్.డి. వారి రైజెన్ 5 5600 అను దానికిని ఆ శక్తి లేదు. రైజెన్ 5 5600జి అను దానికి గలదు. ఇచ్చట ఒక యక్షరము చేరుటచే గుణము వచ్చినది. అచ్చట ఒక యక్షరము చేరుటచే పోయినది! కావున ఊహింపక, ఆ సంస్థ ప్రకటించిన వివరములలో చూచి నిశ్చయించుకొనవలెను.

మదర్ బోర్డు

భాగములన్నియు దీనిపైననే కూడును. దీనిని కొనునప్పుడు మూడు సంగతులు చూడుడు. మొదటిది సాకెట్టు, అనగా ప్రాసెసరు కూర్చుండు పీట. ఇంటెల్ వారి 12, 13, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఎల్.జి.ఏ. 1700 అను పీట కావలెను. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుసకు ఎల్.జి.ఏ. 1851 కావలెను. ఏ.ఎమ్.డి. వారికి 2016లో వచ్చిన ఏ.ఎమ్. 4, 2022లో వచ్చిన ఏ.ఎమ్. 5 అను పీటలు గలవు. ఒక పీటపై కూర్చుండునది మఱొకదానిపై కూర్చుండదు. ఒకే పీటయైనను, పాత బోర్డు క్రొత్త ప్రాసెసరును గుర్తించుటకు దాని బయాసును నూతన పఱుపవలసిన సందర్భములు గలవు. ఆ పని చేసి యిచ్చెదరా యని దుకాణమునందే యడుగుడు.

రెండవది ర్యాము జాతి. ఏ.ఎమ్. 4 బోర్డులు డి.డి.ఆర్. 4 ర్యామును, ఏ.ఎమ్. 5 బోర్డులు డి.డి.ఆర్. 5 ర్యామును తీసికొనును. ఎల్.జి.ఏ. 1700 బోర్డులలో రెండు విధములవియు నున్నవి. కావున పెట్టెపై చదివి చూడవలెను. మూడవది పరిమాణము. ఏ.టి.ఎక్స్. బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవును 244 మిల్లీమీటర్ల వెడల్పును గలది. మైక్రో ఏ.టి.ఎక్స్. బోర్డు సాధారణముగా ప్రక్కకు 244 మిల్లీమీటర్ల చదరము. విద్యార్థికి రెండవది చాలును, వెలయును తక్కువ.

ర్యాము

చేయుచున్న పనిని పఱచుకొను బల్ల వంటిది ర్యాము. బల్ల చిన్నదైనచో పుస్తకములను మాటిమాటికి అలమారులోనికి చేర్చి మరల తీయవలసివచ్చును; పని మందగించును. 16 గిగాబైట్లు కావలసినవాడు 16ది ఒకటి కొనుటకంటె, 8వి రెండింటిని జతగా కొనుట మేలు. డి.డి.ఆర్. 4 ర్యాము ఒకటియున్నచో ప్రాసెసరునకు ఒకేమారు 64 బిట్ల బాట దొరకును. రెండింటిని తగిన గాడులలో పెట్టినచో 128 బిట్ల బాట దొరకును. బొమ్మను ప్రాసెసరే చూపు యంత్రములలో ఈ భేదము మఱింత స్పష్టముగా తెలియును. ఏలయన, బొమ్మకు కావలసిన స్థలమును ఈ ర్యామునుండియే తీసికొనును. కాడికి కట్టిన యెడ్లు ఈడుజోడుగా నున్నగాని అరక సాగనట్లు, రెండు ర్యాములును ఒకే వేగమును ఒకే పరిమాణమును గలవిగా నుండవలెను. డి.డి.ఆర్. 4, 5 రెండింటికిని 288 కొనలే యున్నను, నడిమి గంటు వేఱుచోట నుండును. కావున ఒకదానిని మఱొకదాని గాడిలో బలవంతముగా నొక్కరాదు.

నిలువ చేయు భాగము

పాత హార్డ్ డిస్కునందు పళ్లెములు తిరుగుచుండగా ఒక ముల్లు కావలసిన చోటికి కదలి చదువును. ఎస్.ఎస్.డి.యందు కదలు భాగమేదియు లేదు. లెక్క చూడుడు: 6,000 మెగాబైట్ల దత్తాంశమును సెకనునకు 150 మెగాబైట్లు చదువు హార్డ్ డిస్కు 40 సెకనులలో చదువును; 500 మెగాబైట్లు చదువు సాటా ఎస్.ఎస్.డి. 12 సెకనులలోను, 3,000 మెగాబైట్లు చదువు ఎన్.వి.ఎమ్.ఇ. ఎస్.ఎస్.డి. 2 సెకనులలోను చదువును. చిన్నచిన్న ఫైళ్లు చెల్లాచెదురుగా నున్నప్పుడు హార్డ్ డిస్కు మఱింత వెనుకబడును. కావున విండోస్ మొదలగు నిర్వాహక వ్యవస్థ కొఱకు ఎస్.ఎస్.డి.నే వాడవలెను. పాత ఫొటోలు, వీడియోలు విశేషముగా నున్నవారు వానిని దాచుటకు హార్డ్ డిస్కును అదనముగా చేర్చుకొనవచ్చును.

ఎమ్. 2 అనునది గాడి యాకారమునకు పేరు. ఆ యాకారములోనే సాటా జాతియు, ఎన్.వి.ఎమ్.ఇ. జాతియు దొరకును. మీ బోర్డు గాడి దేనిని తీసికొనునో ముందుగా తెలిసికొనుడు.

విద్యుత్తు నిచ్చు ఎస్.ఎమ్.పి.ఎస్.

ఇచ్చట నా రెండవ తప్పును చెప్పవలసియున్నది. మేనకోడలి యంత్రమునకు క్యాబినెట్టుతో ఉచితముగా వచ్చిన ఎస్.ఎమ్.పి.ఎస్.నే వాడితిని. పైన 500 వాట్లని పెద్ద యక్షరములతో నుండెను. మరుసటి వేసవిలో నొక సాయంకాలము కరెంటు పోయి వచ్చినంతనే టప్పుమని శబ్దమై, కాలిన వాసన వచ్చెను. ఎస్.ఎమ్.పి.ఎస్. పోవుచు మదర్ బోర్డును గూడ తనతో గొనిపోయెను. పరీక్షలు పదునైదు దినములలో నుండగా ఆ బాలిక స్నేహితురాలి యింటికి పోయి పటములు గీసికొనెను.

ఆ చీటీని నేను చదివియుండినచో మోసపోకయుందును. యంత్రములో ముఖ్యమైన భాగములు 12 వోల్టుల ధారనుండియే శక్తిని తీసికొనును. చీటీపై ఆ ధారకు 18 ఆంపియర్లని మాత్రమే యుండెను. 12ను 18చే గుణింపగా 216 వాట్లు. ఇక 500 యెక్కడిది? మంచి 450 వాట్ల ఎస్.ఎమ్.పి.ఎస్. చీటీపై 12 వోల్టులకు 36 లేక 37 ఆంపియర్లు కనబడును; గుణించి చూచినచో 432 మొదలు 444 వఱకు వచ్చును. ఎనిమిదవ తరగతి బాలుడు చేయదగిన ఈ గుణకారమును ఉపాధ్యాయుడనైన నేను చేయనైతిని!

మఱియొక లెక్క. 80 ప్లస్ అను గుర్తు సామర్థ్యమునకు సంబంధించినది. నూటికి 80 పాళ్ల సామర్థ్యముగల ఎస్.ఎమ్.పి.ఎస్. భాగములకు 200 వాట్లు అందించుటకు గోడనుండి 250 వాట్లు తీసికొనును. మిగిలిన 50 వేడియై పోవును. గ్రాఫిక్స్ కార్డు లేని విద్యార్థి యంత్రమునకు మంచి 450 వాట్లది ధారాళముగా చాలును. గ్రాఫిక్స్ కార్డు కొనువారు ఆ కార్డు చేసిన సంస్థ సూచనను పాటింపవలెను. ఉదాహరణమునకు, 2021లో వచ్చిన ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు 170 వాట్లు వాడును. దానికి 550 వాట్ల ఎస్.ఎమ్.పి.ఎస్. ఉండవలెనని ఆ సంస్థ సూచించినది. గోడలోని సాకెట్టునకు సరియైన ఎర్తు ఉన్నదా యని ఎలక్ట్రీషియనుచే చూపించుకొనుడు. కరెంటు తఱచుగా పోవుచోట యు.పి.ఎస్. గూడ నుంచుకొనుట మంచిది.

క్యాబినెట్టు, కూలరు

మన వేసవి యెట్టిదో మీరెఱుగుదురు. యంత్రములోనికి వచ్చునది గదిలోని గాలియే గావున, గది వేడెక్కిన కొలదియు యంత్రమును వేడెక్కును. ముందువైపు అద్దముతో మూసివేయబడిన క్యాబినెట్టు చూచుటకు సొగసుగా నుండవచ్చును గాని, జల్లెడవలె రంధ్రములున్నది మనకు మేలు. ముందు పంకా గాలిని లోనికి దీసి, వెనుక పంకా వెలుపలికి నెట్టవలెను. నెలకొకమారు దుమ్మును తుడువవలెను. ప్రాసెసరుతో కూలరు కూడ వచ్చునో రాదో కనుగొనుడు. వేరుగా కొన్నచో, దాని యెత్తు క్యాబినెట్టులో పట్టునా యని కొలిచి చూడుడు. కూలరునకు ప్రాసెసరునకు నడుమ పూయు పేస్టు బఠాణి గింజంత చాలును. కూలరు అడుగున అంటించిన పలుచని ప్లాస్టిక్కు పొరయున్నచో దానిని తీసివేయుట మఱవకుడు.

మానిటరు, కీబోర్డు, విండోస్

భాగములకే సొమ్మంతయు వెచ్చించి, చివరకు మానిటరు లేక నిలిచిపోయినవారిని చూచితిని. మానిటరు, కీబోర్డు, మౌసు, యు.పి.ఎస్. వీని వెలలను మొదటి లెక్కలోనే చేర్చుడు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 కావలెనన్నచో టి.పి.ఎమ్. 2.0 అను భద్రతాభాగము యంత్రమునకు ఉండవలెను. విండోసును కొనలేనివారు దొంగప్రతిని పెట్టుకొననక్కఱలేదు. లినక్సు ఉచితముగా దొరకును. అయితే మీ పాఠములకు కావలసిన ప్రోగ్రాములు దానిపై నడచునో లేదో ముందుగా విచారించుకొనుడు.

వాడిన యంత్రముల మాట

చేతిలో సొమ్ము బొత్తిగా తక్కువగా నున్నవారు, కార్యాలయములలో వాడి యమ్మివేసిన డెస్క్‌టాపును కొని, దానికి ఎస్.ఎస్.డి.ని, కొంత ర్యామును చేర్చుకొనుట తెలివైన పని. కాని అట్టి వానిలో కొన్నింటికి మదర్ బోర్డును ఎస్.ఎమ్.పి.ఎస్.ను ఆ సంస్థ సొంత కొలతలతో నుండును. బజారులో దొరకు భాగములు వానికి పట్టవు. కొనుటకు ముందే పెట్టెను తెఱిపించి చూడుడు.

కొనుట, కూర్చుట

హైదరాబాదు ప్రాంతమువారికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడు సెంటరును, దక్షిణపు జిల్లాలవారికి చెన్నపట్టణములోని రిచీ వీధియు కంప్యూటరు భాగములకు ప్రసిద్ధమైన తావులు. ఎచ్చట కొన్నను మూడు దుకాణములలో వెల కనుగొనుడు. సీలు చెడని పెట్టెను, జి.ఎస్.టి. బిల్లును తీసికొనుడు, బిల్లు లేనిచో వారంటీ మాట చెల్లుట కష్టము. కూర్చునపుడు ప్లగ్గును తీసివేసి, లోహపు వస్తువును ముట్టుకొని యొంటిమీది స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనుడు. ఎల్.జి.ఏ. 1700, ఏ.ఎమ్. 5 పీటలయందు సన్నని ముండ్లు బోర్డుపై నుండును; ఏ.ఎమ్. 4నందు ప్రాసెసరు క్రింద నుండును. అవి వంగినచో సొమ్ము పోయినట్లే. ప్రాసెసరును గుర్తు ప్రకారము నెమ్మదిగా దింపవలెను గాని నొక్కరాదు. క్యాబినెట్టులో బిగించుటకు ముందు, బోర్డును దాని యట్టపెట్టెపై నుంచి, ప్రాసెసరు, కూలరు, ర్యాము, ఎస్.ఎమ్.పి.ఎస్. మాత్రము తగిలించి, తెరపై బొమ్మ వచ్చునా యని చూచుకొన్నచో శ్రమ తగ్గును.

ఒక కాగితము

నా మేనకోడలు డిప్లొమా ముగించినది. 2024లో తన తమ్మునికి కంప్యూటరు కావలసివచ్చినప్పుడు సొమ్ము నా చేతికి రాలేదు, నేను నొచ్చుకొననులేదు. ఆమె నోటుపుస్తకములోని యొక కాగితముపై ఈ ప్రశ్నలు వ్రాసి నాకు చూపినది:

1. తమ్ముడు దీనితో చేయు పని యేది?
2. ఈ ప్రాసెసరు తెరపై బొమ్మను చూపునా?
3. ప్రాసెసరు పీటయు బోర్డు పీటయు ఒకటియేనా? బయాసు సరిపోవునా?
4. బోర్డు తీసికొను ర్యాము ఏ జాతిది? జతగా దొరకునా?
5. ఎస్.ఎస్.డి. బోర్డు గాడికి పట్టునా?
6. ఎస్.ఎమ్.పి.ఎస్. చీటీపై 12 వోల్టులకు ఎన్ని ఆంపియర్లు? గుణింపగా ఎంత?
7. బోర్డును కూలరును క్యాబినెట్టులో పట్టునా? గాలి ఆడునా?
8. మానిటరుతో గూడ మొత్తము వెల యెంత? బిల్లు ఇచ్చెదరా?

"మామయ్యా, ఇందులో ఏమైన తప్పిపోయినదా?" అని యడిగినది. నేను రెండుమార్లు చదివి, ఏమియు తప్పిపోలేదంటిని. ఎనిమిదింటికిని సమాధానము వ్రాసికొన్న పిమ్మటనే ఆమె దుకాణమునకు పోయినది.

ఆ సాయంకాలము అదే చాపమీద అక్కయు తమ్ముడును యంత్రమును కూర్చిరి. నేను దూరముగా గూర్చుంటిని. మీట నొక్కిన కొన్ని క్షణములకు తెర వెలిగెను. నా చెల్లెలు ఖాళీ పెట్టెలను బిల్లుతోసహా అటకపై భద్రపఱచి, "వారంటీ తీరువఱకు వీనిని ఎవరును ముట్టరాదు" అనెను.

విద్యార్థులారా! ఆ ప్రశ్నలను మీరును ఒక కాగితముపై ఎత్తి వ్రాసికొనుడు. సొమ్ము చేతిలో నున్నంతవఱకు ప్రశ్నలకు వెల లేదు. సొమ్ము చేయిదాటిన పిమ్మట వేసిన ప్రతి ప్రశ్నకును నేను వెల చెల్లించితిని.